ఇప్పుడు ఇంజన్ ఆగితే ఏం చేస్తారు?

(కెనడాలోని ఎడ్మంటన్‌లో తెలుగు ట్రక్ డ్రైవర్లు అక్టోబర్ నెలలో పెట్టుకున్న సమావేశంలో మాట్లాడిన మాటలకు రాతరూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఈ ఏడాదో పోయిన ఏడాదో పెద్ద ట్రక్కులు నడిపే క్లాస్ 1 లైసెన్స్ తీసుకున్నవాళ్లే. కాల్గరీ, రెజైనా, కొందరు వాంకూవర్ దాకా కూడా తిరిగొచ్చారు. చేయి కుదిరింది, భయం పోయింది. సరిగ్గా ఇప్పుడే ఫోన్లు మొదలవుతాయి. ఉత్తరాన ఎల్లోనైఫ్‌కి లోడ్ ఉంది, రేటు బాగుంది, వెళ్తావా అని కంపెనీలో లోడ్లు పంచే డిస్పాచ్ వాళ్లు అడుగుతారు. ఇంటి అద్దె, కారు వాయిదా, ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు, ఇవన్నీ కళ్లముందు తిరుగుతుంటే వద్దు అని నోరు రాదు. వెళ్లొద్దని చెప్పడానికి నేను రాలేదు. నేనూ అదే రోడ్డు మీద బతుకుతున్నాను. చలికాలంలో అక్కడికి ఏం చూసుకుని వెళ్లాలో చెబుతాను.

ఉత్తరం అని నేను అంటున్నది 60వ అక్షాంశం పైన. ఇక్కడి నుంచి ఎల్లోనైఫ్ దాదాపు 1450 కిలోమీటర్లు. గ్రిమ్‌షా దగ్గర మెకెంజీ హైవే ఎక్కుతారు, హై లెవెల్ దాటాక ఊళ్లు పలచబడతాయి, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోకి వెళ్లాక ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊరు వస్తుంది. 2023 ఆగస్టు కార్చిచ్చులో ఆ ఊరు చాలా మటుకు కాలిపోయింది. అందుకే పాతవాళ్లు చెప్పిన లెక్క పట్టుకుని ఫలానా చోట బంకు ఉంటుంది, ఫలానా చోట భోజనం దొరుకుతుంది అనుకుని బయల్దేరొద్దు, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ తర్వాత ఫోర్ట్ ప్రావిడెన్స్ దగ్గర డే చో వంతెన మీద మెకెంజీ నది దాటుతారు. ఆ వంతెన 2012 నవంబర్‌లో తెరిచారు, అంతకుముందు వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదుగానే ప్రయాణం. నది దాటాక బెచొకో వరకు 200 కిలోమీటర్లకు పైగా అడవి తప్ప ఏమీ లేదు, దారిలో ఎక్కువ భాగం సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఇది తేలిక రోడ్డే అనుకోండి. యూకాన్ నుంచి ఇనువిక్ వెళ్లే డెంప్‌స్టర్ హైవే అయితే 700 కిలోమీటర్లకు పైగా కంకర రోడ్డు, బయల్దేరాక దాదాపు 370 కిలోమీటర్లకు ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా డీజిల్ దొరకదు. అలాస్కాలో డాల్టన్ హైవే మీద కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ వరకు 240 మైళ్లు ఏ బంకూ లేదు.

దక్షిణాన ట్రక్కు ఆగితే టైము పోతుంది, డబ్బు పోతుంది, కంపెనీ వాళ్లతో మాట పడాలి. అంతే. అక్కడ ట్రక్కు ఆగిందంటే మీ వేడి ఆగిపోయినట్టు. బయట మైనస్ 40 ఉంటే క్యాబిన్ చల్లబడటానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి ఈ రోజు నేను చెప్పేవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు. ఇప్పుడు, ఈ క్షణం, ఇక్కడ ఇంజన్ ఆగితే తెల్లారేదాకా నేనెలా ఉంటాను? యార్డులో ఒక్కో వస్తువు ముట్టుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి. జవాబు లేకపోతే బయల్దేరొద్దు.

డీజిల్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే కొత్తవాళ్ల ఇంజన్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. డీజిల్లో సహజంగానే మైనం ఉంటుంది. చల్లబడేకొద్దీ ఆ మైనం చిన్న చిన్న పలుకులుగా మారి డీజిల్ మబ్బు పట్టినట్టు అవుతుంది, ఆ ఉష్ణోగ్రతనే క్లౌడ్ పాయింట్ అంటారు. వేసవి డీజిల్‌కి అది సున్నాకి కాస్త కిందే ఉంటుంది. ట్యాంకులో డీజిల్ చూడటానికి బాగానే కదులుతుంటుంది, కానీ ఫిల్టర్‌లోని సన్నటి రంధ్రాల్లో ఈ పలుకులు చేరి మూసేస్తాయి. ముందు బండి లాగడం తగ్గుతుంది, గ్యాస్ తొక్కినా స్పీడు రాదు, తర్వాత ఆగిపోతుంది. మీరు ఏదో సెన్సార్ తప్పు అనుకుంటారు.

పోయిన చలికాలం హై లెవెల్‌కి పైన రోడ్డు పక్కన ఒక ట్రక్కు ఆగి ఉంటే నేను ఆగాను. దక్షిణాన మొంటానా వైపు నుంచి వచ్చిన కుర్రాడు, అక్కడ రేటు తక్కువని రెండు ట్యాంకులూ నిండా పోయించుకుని అదే డీజిల్‌తో ఇంత పైకి వచ్చేశాడు. నేను ఫిల్టర్ విప్పి టార్చ్ వెలుగులో చూపించాను. లోపల డీజిల్ కాదు, చలికాలం పొద్దున సీసాలో పేరుకున్న నెయ్యిలా తెల్లగా, పలుకులు పలుకులుగా ఉంది. వేలితో తీస్తే వేలికి అంటుకుని వచ్చింది. అతని దగ్గర స్పేర్ ఫిల్టర్ లేదు, ఫిల్టర్ రెంచ్ లేదు. కొత్త ఫిల్టర్ వేసి, గడ్డకట్టిన డీజిల్‌ని కరిగించే మందు పోసి, నా బండి దగ్గర నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేసేసరికి ఇద్దరి చేతులూ పనికిరాకుండా పోయాయి. ఆ రోజు మైనస్ 38.

కాబట్టి డీజిల్ ఎక్కడ చలి ఎక్కువో అక్కడిది పోయించుకోండి. ఇక్కడి కంపెనీలు కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి డీజిల్ తయారుచేసి పంపుతాయి, హై లెవెల్ బంకులో జనవరిలో దొరికేది ఆ చలికి తగ్గదే. పది సెంట్లు ఎక్కువైనా సరే, దక్షిణాది డీజిల్ ట్యాంకులో తక్కువ ఉన్నప్పుడు అక్కడికి చేరి అక్కడ నింపండి. మైనం పేరుకోకుండా చేసే యాంటీ జెల్ మందు డీజిల్ పోసే ముందే ట్యాంకులో పోయాలి, అప్పుడు అది బాగా కలుస్తుంది. ఒక్కసారి మైనం పేరుకున్నాక యాంటీ జెల్ దాన్ని కరిగించదు, దానికి వేరే మందు ఉంటుంది, రెండూ పెట్టుకోండి. స్పేర్ ఫిల్టర్లు కనీసం రెండు సెట్లు, రెంచ్, రబ్బరు వాషర్లు. ఇవి బయట సైడ్ బాక్సులో కాదు, క్యాబిన్ లోపల పెట్టుకోండి. బయటి బాక్సు తాళమే గడ్డకట్టి తెరుచుకోని రోజులుంటాయి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. ఖాళీ ఎక్కువున్న ట్యాంకులో తేమ చేరి నీళ్లవుతుంది, నీళ్లు లైన్లో గడ్డకడతాయి. పైగా ఎక్కడైనా చిక్కుకుంటే రాత్రంతా హీటర్ నడిచేది ఆ డీజిల్ మీదే.

డెఫ్, అంటే పొగలోని విషాన్ని తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం, దాని గురించి కంగారు పడొద్దు. అది మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది, కట్టనివ్వండి. ఇంజన్ వేడెక్కాక వేడి కూలెంట్ దాని ట్యాంకులోంచి తిరిగి కరిగిస్తుంది, ఆలోగా బండి నడిచేలాగే తయారుచేశారు. ఒక్కటే జాగ్రత్త, గొంతుదాకా నింపొద్దు. గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది, ట్యాంకు పగులుతుంది.

ఇక ఇంజన్ ఆయిల్. మన బళ్లలో మామూలుగా ఉండేది 15డబ్ల్యూ40. దాన్ని మైనస్ 20 దాకా స్టార్ట్ అవడానికే లెక్కగట్టారు. ఉత్తరానికి 5డబ్ల్యూ40 సింథటిక్, ఇంజన్ కంపెనీ ఒప్పుకుంటే 0డబ్ల్యూ40. గేర్ బాక్సుకీ డిఫరెన్షియల్‌కీ కూడా సింథటిక్ ఆయిలే. కూలెంట్ సగం గ్లైకాల్, సగం నీళ్లు అయితే మైనస్ 37 దాకా ఆగుతుంది, అరవై శాతం గ్లైకాల్ అయితే మైనస్ 50 దాటి ఆగుతుంది. అలాగని మొత్తం గ్లైకాలే పోస్తే మంచిదనుకోకండి, డెబ్బై శాతం దాటితే అది మళ్లీ తొందరగా గడ్డకట్టడం మొదలవుతుంది. రిఫ్రాక్టోమీటర్ చిన్న పరికరం, ఒక చుక్క వేసి కంటికి పెట్టుకుంటే చెప్పేస్తుంది, పెద్ద ఖరీదు కాదు. మెకానిక్ బాగుందన్నాడని వదిలేయకండి, మీరే ఒక చుక్క వేసి చూడండి.

బ్యాటరీల దగ్గర పిసినారితనం వద్దు. మైనస్ 20 దగ్గరికే వాటి బలం సగానికి సగం పడిపోతుంది, అదే చలికి ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిప్పడానికి రెట్టింపు బలం కావాల్సి వస్తుంది. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ అక్కడి చలికి గడ్డకట్టదు, చార్జ్ అయిపోయింది మాత్రం మైనస్ 7, మైనస్ 8కే గడ్డకడుతుంది. డబ్బా పక్కలు ఉబ్బి ఉంటే దానికి బూస్ట్ కేబుల్ పెట్టకండి, పేలుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీలను అక్టోబర్లోనే లోడ్ టెస్ట్ చేయించండి, అన్నీ ఒకేసారి మార్చండి. మూడు కొత్తవి, ఒక పాతది పెడితే ఆ పాతది మిగతా మూడింటినీ తినేస్తుంది.

ఆగి ఉన్న ఇంజన్‌ని కరెంటుతో వేడిగా ఉంచే బ్లాక్ హీటర్ పనిచేస్తోందో లేదో ప్లగ్ పెట్టి చెవి దగ్గర పెట్టి వినండి, సన్నగా సిజ్ మని వస్తుంది, కాసేపాగి చెయ్యి పెట్టి చూడండి. కేబుల్ చలికి తట్టుకునేది కొనండి, వేసవి కేబుల్ మైనస్ 40లో వంచితే కర్రముక్కలా విరుగుతుంది. గ్రిల్ ముందు కట్టే వింటర్ ఫ్రంట్ తప్పనిసరి, కానీ ఎండ ఎక్కి మైనస్ 5కి వస్తే దాని మూతలు తెరవండి, లేకపోతే ఇంజన్ వేడెక్కిపోతుంది.

వెనక నుంచి తమ్ముడు అడుగుతున్నాడు, అన్నా ఇవన్నీ ఎందుకు, రాత్రంతా ఇంజన్ ఆపకుండా ఐడిల్‌లో ఉంచితే చాలదా అని. మంచి ప్రశ్న. చాలదు. లో ఐడిల్‌లో మైనస్ 40కి ఇంజన్ తనను తాను వేడిగా ఉంచుకోలేదు, వేడి చూపే సూది మెల్లగా కిందికి దిగుతూనే ఉంటుంది, డీజిల్ పూర్తిగా మండదు, మసి పేరుకుంటుంది, పొద్దున్నే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, దాని లైటు వెలుగుతుంది. ఆపకుండా ఉంచాల్సి వస్తే వెయ్యి ఆర్‌పీఎమ్ పైన పెట్టి ఉంచాలి. అప్పుడు కూడా అన్నీ ఆ ఒక్క ఇంజన్ మీదే ఆధారపడి ఉన్నాయి, అది ఆగితే ఏమీ మిగలదు. అందుకే డీజిల్‌తో నడిచే బంక్ హీటర్, అంటే క్యాబిన్‌లో పడుకునే చోటుని వేడిచేసేది, అది లేని ట్రక్కుతో ఉత్తరానికి వెళ్లకండి. వెబాస్టో, ఎస్పార్ లాంటివి. అది ఇంజన్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది, గంటకి తాగేది కూడా చాలా తక్కువ. సెప్టెంబర్ నుంచే వారానికోసారి నడపండి, ఆర్నెల్లు ఆపి డిసెంబర్లో నొక్కితే అది అంటుకోదు. క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, బ్యాటరీ మార్చి పెట్టండి. మంచులో ఇరుక్కుని సైలెన్సర్ గొట్టం మూసుకుపోతే ఆ వాసన లేని గ్యాస్ లోపలికి వస్తుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎయిర్ బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. ఇంజన్ ఆగితే మీరొక్కరే కష్టాల్లో పడతారు, బ్రేకు పోతే ఎదురొచ్చే వాడు కూడా. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు గాలిలోని తేమ నీళ్లవుతుంది. ఎయిర్ డ్రయర్ దాన్ని పీల్చి బయటికి కక్కుతుంది, మీరు వినే ప్స్స్ అనే చప్పుడు అదే. ఆ డ్రయర్ లోపలి కార్ట్రిడ్జ్ పాతబడితే నీళ్లు ట్యాంకుల్లోకి వెళ్తాయి, అక్కడి నుంచి సన్నటి లైన్లలోకి, వాల్వుల్లోకి వెళ్లి ఐస్ ముక్కై కూర్చుంటాయి. అప్పుడు బ్రేకు పట్టకపోవచ్చు, పట్టింది వదలకపోవచ్చు. కార్ట్రిడ్జ్ ప్రతి ఏడూ చలికాలం ముందు మార్చండి. మైలేజీ కాలేదు, వచ్చే ఏడాది చూద్దాం అనొద్దు.

ఇంకోటి రోజూ చేయాల్సింది. సాయంత్రం బండి ఆపాక, ఇంకా వేడి ఉండగానే, ట్యాంకుల కింద డ్రైన్ వాల్వులు ఒక్కొక్కటే తెరవండి, కంప్రెసర్ నుంచి గాలి ముందుగా చేరే వెట్ ట్యాంకుతో మొదలుపెట్టండి. కేబుల్ లాగి వదిలేయడం కాదు, కింద కూర్చుని చూడండి. పొడి గాలి ఒక్కటే రావాలి. గ్లవ్స్ తీసి అరచెయ్యి కాదు, ఒక గట్టి అట్టముక్క అడ్డం పెట్టండి. అట్ట మీద నూనె మరకలు పడితే కంప్రెసర్ అరిగి ఆయిల్ వదులుతోంది. పాలలాంటి తెల్లటి నీళ్లు పడితే డ్రయర్ పని అయిపోయింది. ఆ అట్టముక్క చెప్పినంత స్పష్టంగా డాష్‌బోర్డు మీద ఏ గేజీ చెప్పదు. పొద్దున పూట చేస్తే లాభం లేదు, అప్పటికే నీళ్లు గడ్డకట్టి వాల్వే తెరుచుకోదు. ట్రక్కు, ట్రెయిలర్ గాలి గొట్టాలు కలిసే గ్లాడ్ హ్యాండ్‌లో ఆల్కహాల్ పోసే అలవాటు చాలామందికి ఉంది. అది ఆఖరి మార్గం, రబ్బరు సీళ్లను తినేస్తుంది, ఎయిర్ బ్రేకులకని అమ్మేదే కొంచెం పోయాలి. మామూలు కూలెంట్ ఎప్పుడూ పోయకండి.

పార్కింగ్ దగ్గర కూడా ఒక పద్ధతి ఉంది. మంచులో నడిపొచ్చిన బ్రేకులు వేడిగా ఉంటాయి, డ్రమ్ములో చేరిన మంచు కరిగి ఉంటుంది. అలాగే ఆపి పార్కింగ్ బ్రేకు లాగితే షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. ఆపేముందు చివరి కిలోమీటరు బ్రేకు మీద తేలిగ్గా కాలు పెట్టి ఆరబెట్టుకుంటూ రండి. పొద్దున కదిలేటప్పుడు అద్దాల్లో ప్రతి ట్రెయిలర్ చక్రమూ తిరుగుతోందో లేదో చూసుకోవాలి. మంచు మీద చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ వచ్చినా మీకు తెలియదు, రోడ్డు ఎక్కాక టైరు చదును పడి పేలుతుంది. అతుక్కుంటే సుత్తితో డ్రమ్ము మీద కొట్టండి, వదులుతుంది. టార్చ్ మంట పెట్టే వాళ్లను చూశాను, ఆ జోలికి పోవద్దు. ట్రెయిలర్ వదిలేటప్పుడు అది నిలబడే కాళ్లు, ల్యాండింగ్ గేర్, వాటి కింద చెక్క పలకలు వేయండి, లేకపోతే నేలకి అతుక్కుపోతుంది.

అంత చలిలో రబ్బరు, ప్లాస్టిక్ గుణమే మారిపోతుంది. మడ్‌ఫ్లాప్ వంగదు, విరుగుతుంది. ఎయిర్ లైన్ గట్టిగా లాగితే పగులుతుంది. రాత్రంతా నిలబడ్డ టైరు కింద చదునుగా ఉంటుంది, మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమని కొడుతుంది, భయపడొద్దు, కానీ ఆ కిలోమీటర్లు నెమ్మదిగానే పోండి. స్ప్రింగులూ షాకులూ సీళ్లూ వేడెక్కేదాకా గుంటల్లో దూకించొద్దు. హెడ్‌లైట్ల సంగతి మరవకండి. కొత్త ఎల్‌ఈడీ లైట్లు వేడెక్కవు, కాబట్టి వాటి మీద పడిన మంచు కరగదు. మీకు వెలుగు తగ్గుతున్న సంగతి కూడా తెలియకుండా తగ్గిపోతుంది. డిసెంబర్లో ఎల్లోనైఫ్‌లో పగలు ఐదారు గంటలే ఉంటుంది. గంటకోసారి ఆగి తుడవండి. అదే వంకతో చుట్టూ ఒక రౌండు వేయండి.

ఇక మనిషి సంగతి. మన అరకు, లంబసింగి వైపు సున్నాకి వచ్చిందంటే పేపర్లో వార్త, అలాంటి చోటి నుంచి వచ్చినవాళ్లం, మైనస్ 40 అంటే ఎలా ఉంటుందో ఒంటికి తెలియదు. గాలితో కలిపి మైనస్ 40 నుంచి మైనస్ 47 మధ్య ఉంటే తెరిచి ఉన్న చర్మం ఐదు నుంచి పది నిమిషాల్లో గడ్డకడుతుంది. టైర్లకు చెయిన్ వేయడానికి పట్టే టైము దానికన్నా ఎక్కువ. ఒంటికి ఆనుకుని కాటన్ బనియన్ వేసుకోకండి, చెమట పట్టి తడిసి ఆరదు, ఆ తడే చంపుతుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ లోపల, పైన మందపాటిది, దాని పైన గాలి దూరనిది. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి, బిగుతుగా రెండు జతల సాక్సు వేస్తే రక్తం ఆడక కాళ్లు ముందు గడ్డకడతాయి. పని చేయడానికి సన్నటి గ్లవ్స్, వాటి పైన వేళ్లన్నీ కలిసుండే మిట్స్. డీజిల్ పోసేటప్పుడు రబ్బరు గ్లవ్స్ వేరేగా ఉంచుకోండి. చల్లటి డీజిల్ చేతిమీద ఒలికితే అది గడ్డకట్టకుండా మైనస్ 40 చలినంతా నేరుగా చర్మానికి ఇస్తుంది, క్షణాల్లో కాలినట్టు అవుతుంది. క్యాబిన్ వెచ్చగా ఉంది కదా అని టీషర్టుతో, చెప్పులతో నడిపే వాళ్లున్నారు. బండి దొర్లి అద్దం పగిలితే మీ ఒంటి మీద ఏముందో అదే మీ ఇల్లు.

క్యాబిన్‌లో ఏముండాలి అంటే, మైనస్ 40కి పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్, పార, టార్చ్, లావు కొవ్వొత్తులు, ఒక రేకు డబ్బా, అగ్గిపెట్టె, మూడు రోజులకు సరిపడా తిండి. చెల్లెమ్మలు ఇక్కడ ఉన్నారు, డ్రైవర్లూ ఉన్నారు, డ్రైవర్ల ఇంటివాళ్లూ ఉన్నారు, మీకు నేను చెప్పేదేముంది, పులిహోర మొదటి రోజుకి బ్రహ్మాండం, తర్వాతకి జంతికలు, సున్నుండలు, వేరుశనగ చిక్కీలు, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా పొడి. చలిలో ఒళ్లు మామూలు కన్నా ఎక్కువ తిండి అడుగుతుంది. నీళ్లు ఫ్లాస్కుల్లో పెట్టుకోండి, సీసాలు పగులుతాయి. సెల్‌ఫోన్‌ని నమ్మొద్దు, శాటిలైట్ ఫోనో, శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరమో ఉండాలి. రేడియో కూడా. బయల్దేరే ముందు ఎక్కడికి, ఏ రోడ్డున, ఎప్పటికి చేరతానో ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆ టైముకి ఫోన్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి ఇవ్వండి.

ఆగిపోతే ట్రక్కు వదిలి నడవొద్దు. దూరంలో లైటు కనిపించినా సరే. ఆ చీకట్లో, ఆ మంచులో దూరం అంచనా ఎవరికీ అందదు. ట్రక్కు పెద్దది, వెతికేవాళ్లకు కనబడుతుంది, మనిషి కనబడడు. ఒణుకు రావడం, చేతులు మాట వినకపోవడం, మాట తడబడటం, ఇవి ఒళ్లు చల్లబడుతోందని గుర్తులు. పక్కవాడికి ఇవి కనిపిస్తే ఏమీ అడక్కండి, మీ క్యాబిన్‌లోకి లాక్కుని రండి. ఒణికేవాడు ఉన్నట్టుండి ఒణకడం మానేస్తే అది తగ్గినట్టు కాదు, ఇంకా ప్రమాదం.

నడపడం గురించి రెండు మాటలే. మైనస్ 30లో ఐస్ మీద టైరుకి కాస్త పట్టు ఉంటుంది, సున్నా దగ్గరికి వచ్చేకొద్దీ పైన తడి పొర చేరి జారుతుంది. కాబట్టి ఉదయం చలి తగ్గింది, హాయిగా ఉంది అనిపించిన రోజే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎదురొచ్చే ట్రక్కు వెనక పొడి మంచు తెరలా లేస్తుంది, ఐదారు సెకన్లు ఏమీ కనబడదు. ఆ తెరలోకి వెళ్లే ముందే స్పీడు తగ్గించండి, లోపలికి వెళ్లాక గట్టిగా బ్రేకు తొక్కొద్దు. ఎల్లోనైఫ్ వెళ్లే హైవే 3 మీద అడవిదున్నలు, బైసన్, మందలు మందలుగా రోడ్డు మీదే పడుకుంటాయి. ముదురు రంగు ఒళ్లు, జింకల్లా కళ్లు మెరవవు. రాత్రి అవి దగ్గరికి వెళ్లేదాకా కనబడవు. మీ లైటు ఎంత దూరం వెళ్తుందో దానిలోపల ఆగగలిగే స్పీడే మీ స్పీడు.

పని గంటల విషయం. 60వ అక్షాంశం కింద రోజుకి 13 గంటలు నడపొచ్చు. పైన 15 గంటలు నడపొచ్చు, 18 గంటలు డ్యూటీలో ఉండొచ్చు, 8 గంటలు విశ్రాంతి చాలు. చట్టం ఒప్పుకుంది కదా అని ఒళ్లు ఒప్పుకోదు. పగలే లేని చోట మెదడు ఎప్పుడూ రాత్రే అనుకుంటుంది. 2018 ఏప్రిల్ 6న సస్కచివాన్‌లో హంబోల్ట్ హాకీ జట్టు బస్సుకీ ట్రక్కుకీ జరిగిన ప్రమాదం మీ అందరికీ తెలుసు. 16 మంది పోయారు, 13 మంది గాయపడ్డారు. ఆ డ్రైవర్ మనలాగే ఇండియా నుంచి వచ్చిన కుర్రాడు, కొత్త డ్రైవర్, స్టాప్ బోర్డు దాటేశాడు. ఆ తర్వాతే 2019 మార్చిలో ఆల్బర్టాలో క్లాస్ 1కి 113 గంటల శిక్షణ తప్పనిసరి చేశారు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పట్లేదు. చేతకానిది చేతకాదని చెప్పే ధైర్యం కొత్తవాళ్లకి ఎవరూ నేర్పరు, అది నన్ను బాధపెడుతుంది.

ఐస్ రోడ్డు గురించి అడగాలని చాలామంది వచ్చారని తెలుసు. ఎల్లోనైఫ్‌కి తూర్పున టిబ్బిట్ సరస్సు దగ్గర మొదలయ్యేది, వజ్రాల గనులకి వెళ్లేది. 1982 నుంచి వేస్తున్నారు. దారిలో ఎనభై శాతానికి పైగా గడ్డకట్టిన సరస్సుల మీదే, మధ్యమధ్య చిన్న చిన్న నేల దారులు. మామూలుగా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో తెరిచి మార్చి ఆఖరుకి మూసేస్తారు, ఏడాది మొత్తానికి కావాల్సిన డీజిల్, సిమెంటు, టైర్లు, యంత్రాలు ఆ రెండు నెలల్లోనే వెళ్లాలి. 2007లో దాదాపు 11 వేల లోడ్లు వెళ్లాయి. అంతకుముందు ఏడు, 2006లో, చలి సరిగ్గా పడక రోడ్డు ముందే మూసేశారు, మిగిలిన సరుకు విమానాల్లో పంపాల్సి వచ్చింది.

దాని మీద లోడ్‌తో స్పీడు 25 కిలోమీటర్లు. ఎందుకంటే బరువైన బండి ఐస్ మీద పోతుంటే కింద నీళ్లలో ఒక అల లేస్తుంది, అది బండి ముందు పోతుంది. స్పీడు పెంచితే ఆ అల ఒడ్డుకి కొట్టుకుని వెనక్కి తిరిగి ఐస్‌ని కింద నుంచి పగలగొడుతుంది. మీ బండి దాటిపోయినా మీ వెనక వచ్చేవాడి కింద పగలొచ్చు. అందుకే బళ్ల మధ్య దూరం పెట్టి, కొన్ని కొన్ని కలిపి, కొంత వ్యవధితో పంపుతారు. ఐస్ తుపాకీ పేలినట్టు చప్పుళ్లు చేస్తుంది, అది మామూలే, చప్పుడు వినబడగానే బండి ఆపేయొద్దు. నిలబడ్డ బరువు కదిలే బరువు కన్నా ప్రమాదం. అక్కడి మనుషులు ఏం చెబితే అది చేయాలి, స్పీడు దాటితే ఆ రోడ్డు మీదికి మళ్లీ రానివ్వరు, వాళ్లు చేసేది సరైనదే. మొదటి చలికాలంలో ఎవరూ దానికి వెళ్లకండి. ముందు ఎల్లోనైఫ్ రోడ్డు ఒక సీజన్ తిరగండి, అనుభవం ఉన్న వాడి వెనక వెళ్లండి.

ఆఖరికి డిస్పాచ్ సంగతి. మీరు అన్నీ చూసుకుని, డ్రయర్ బాలేదు, లేదా బంక్ హీటర్ అంటుకోవట్లేదు అని చెబితే, ఒక్క ట్రిప్పే కదా, వచ్చాక చేయిద్దాం అంటారు. నాతోనూ అన్నారు, పేరు అనవసరం. అప్పుడు కోపం వద్దు, వాదన వద్దు. ప్రీ ట్రిప్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో లోపం రాసి, ఫోటో తీసి, మెసేజ్‌లో పంపండి. ఇది బాగుచేశాక వెళ్తాను అని ఒక్క వాక్యం రాయండి. రాతలో పెట్టాక చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే ఆ కంపెనీ మీకు వద్దు, ఈ ఊళ్లో ట్రక్కులు చాలా ఉన్నాయి. లోడ్ పోతుందని, పేరు పోతుందని టెన్షన్ పడి బయల్దేరేవాళ్లు మనవాళ్లలో ఎక్కువ. అలా బయల్దేరిన తమ్ముళ్ల ఇళ్లకి ఫోన్ చేయాల్సిన పని ఎవరికీ రాకూడదు.

నేను చెప్పేది ఇంతే. టీ తాగి బయటికి రండి, వెనక పార్కింగ్‌లో నా ట్రక్కు పెట్టాను. ఒక్కొక్కరూ కింద కూర్చుని డ్రైన్ వాల్వులు తెరిచి చూడండి, అట్టముక్కలు తెచ్చాను. చెయిన్లు కూడా వేద్దాం, గ్లవ్స్ వేసుకునే వేయాలి. మిట్స్‌తో కొక్కెం తగిలించడం ఇక్కడ వెలుగులో రాకపోతే అక్కడ చీకట్లో రాదు.